అందరూ కెమెరా వైపే చూశారు

నా గొంతు ఒక్కసారిగా పోలేదు. ఒక్కసారిగా పోయుంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేవాణ్ణి. అది చిల్లు పడిన కుండలో నీళ్ళలా కొంచెం కొంచెంగా కారిపోయింది. మొదట్లో పద్యం ఎత్తుకుంటే మూడో పాదంలో పగిలేది. తర్వాత మధ్యాహ్నం పీరియడ్లకు బొంగురు పోయేది. ఆ తర్వాత పొద్దున లేస్తూనే బొంగురు. మిరియాల కషాయం, తమలపాకు రసం, ఎవరు ఏది చెబితే అది మింగాను. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం కర్నూలు పెద్దాసుపత్రిలో స్వరపేటిక మీద కాయ ఉందని చెప్పి తీసేశారు. కాయతో పాటు గొంతూ పోయింది. ఎవరైనా దగ్గరికొచ్చి చెవి పెడితే వినిపించేంత గుసగుస మాత్రం మిగిలింది.

మాది మంత్రాలయం దగ్గర తుంగభద్ర ఒడ్డున పల్లె. మా నాయన గుడిలో అర్చకుడు, చిన్నాన్న బడిపంతులు. చెప్పుకోదగ్గ పొలమూ పుట్రా లేదు, మా ఇంటి ఆస్తంతా గొంతే. నాయన వేకువన మంత్రం ఎత్తుకుంటే ఏటి అవతలి గట్టున కన్నడం వాళ్ళు లేచి పొయ్యిలు ముట్టించేవారట. ఆ గొంతు నాకు వచ్చిందని ఊళ్ళో అనేవారు. దానితోనే తెలుగు పంతులునయ్యాను. దానితోనే పెళ్ళి కూడా అయింది. పెళ్ళిచూపుల్లో నేను పాడిన పద్యం మా మామగారికి తెగ నచ్చింది. నా మొహం నచ్చిందని మాత్రం ఇప్పటికీ ఎవరూ అనలేదు. ఆపరేషన్ అయ్యాక నాయన ఆదోనికి వచ్చి, నన్ను నోరు తెరవమని లోపలికి చూసి, "ఏమిరా, ఇంక రాదా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన భోజనం కూడా చేయకుండా సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

నా ఉద్యోగం ఎమ్మిగనూరులో, ఆడపిల్లల హైస్కూల్లో. కాపురం ఆదోనిలో. రోజూ బస్సే. సాయంత్రం బడి వదిలే వేళకే ఆదోని బస్సు వచ్చేది. అది తప్పితే పత్తి బోరాల లారీ ఏదైనా ఆపి ఎక్కాలి, లేదా బస్టాండులో పొద్దుగూకేదాకా పడిగాపులు కాయాలి. ఆఖరి పీరియడ్ నాదైన రోజుల్లో పిల్లలు నా మీద జాలిపడి "అర్థమైంది సార్, అర్థమైంది" అని గబగబా పుస్తకాలు మూసేవారు. అర్థం కాలేదని వాళ్ళ కళ్ళు చెబుతూనే ఉండేవి. నాకు ఒళ్ళు మండేది. గొంతు సవరించుకుని, "అర్థం కాకుంటే చెప్పండమ్మా. నా బస్సు పోతే పోనీ" అనేవాణ్ణి. రాను రాను అది ఊతపదమైపోయింది. పొద్దున మొదటి పీరియడ్లో కూడా బస్సు పోతే పోనీ అనేవాణ్ణట. అలా అంటానని నాకు తెలిసింది గొంతు పోయాకే.

ఆపరేషన్ నాటికి మా పాప ఉయ్యాలలో ఉంది. నా మాట ఆగిపోయిన ఇంట్లోనే అది మాటలు నేర్చుకుంది. దాన్ని పిలవాలంటే చప్పట్లు కొట్టేవాణ్ణి. పక్కింటి పిల్లల నాయన కేకేసి పిలుస్తాడు, మా నాయన చప్పట్లు కొట్టి పిలుస్తాడు, అంతే తేడా అనుకునేదేమో. దానికి జోల పాడలేదన్న బాధ నాదే, దానికేమీ లేదు.

జీతం ఉన్నదీ లేనిదీ కలిపి రెండేళ్ళ సెలవంతా అయిపోయాక బడికి వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్ ఎదురుగా కూర్చోబెట్టుకుని కాఫీ తెప్పించింది. ఆమె కాఫీ తెప్పించిందంటే వెనకాల ఏదో చేదు మాట ఉన్నట్టే.

"మీరు వచ్చి కూసుంటే నాకేం ఇబ్బంది లేదు సార్. కానీ దసరా సెలవులైనాక ఇన్‌స్పెక్షన్ ఉంది. పెద్దాయన కర్నూలు నుంచి వస్తాండాడు. మీ సంగతి ఎవరో ఆయన సెవిలో ఏసినారు. మీ క్లాసులోనే కూసుంటా అన్నాడంట. మీరు క్లాసు నడపలేరని ఆయన రాసినాడంటే ఇంక నా సేతిలో ఏమీ లేదు."

నడపగలనన్నాను. ఆమె "ఆఁ?" అంది. మళ్ళీ అన్నాను. మళ్ళీ "ఆఁ?" అంది. ఇంక అనలేదు.

ఇన్‌స్పెక్షన్ నాటికి నేను తరగతి నడపగలనని చూపించాలి. లేకపోతే నాకు బడి లేదు. జీతం గురించి కాదు నా ఏడుపు. ఎక్కడో ఒక బల్ల ముందు కూర్చోబెట్టి జీతం ఇస్తారు. నాకు బల్ల వద్దు. పిల్లల ముందు నిలబడని రోజున నేనేమవుతానో నాకు తెలియదు. మా వంశంలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరికీ ఆ గతి పట్టలేదు.

మొదటి వారం బోర్డు మీద రాసి పాఠం చెప్పాను. నేను అటు తిరిగితే చాలు, వెనకాల తేనెటీగలు లేచినంత రొద. "గమ్మునుండండి" అని ఒక్క మాట అరవగలిగితే చాలు. చప్పట్లు కొట్టాను. ఏదో ఆట అనుకుని వాళ్ళూ తిరిగి చప్పట్లు కొట్టారు. పక్క గదిలోంచి లెక్కల టీచరమ్మ వచ్చి నా పిల్లల్ని తిట్టి వెళ్ళింది. నన్ను తిట్టినా బాగుండేది. తిట్టకుండా జాలిగా చూసింది. ఆ చూపుకు బోర్డుకేసి తల బాదుకోవాలనిపించింది.

ఒకరోజు ఇంటర్‌వెల్ అయ్యాక వరండాలో నడిచొస్తున్నాను. నా తరగతి గదిలోంచి నా గొంతు వినిపించింది. కొంచెం సన్నగా, దూరం నుంచి వస్తున్నట్టు. కానీ మొదట గొంతు సవరించుకోవడం, "అర్థం కాకుంటే" దగ్గర చిన్న ఆపు, "పోనీ" దగ్గర సాగదీత, అంతా నాదే. ఒక్క క్షణం, సిగ్గు విడిచి చెబుతున్నాను, అది నిజమేననుకున్నాను. గొంతు తిరిగొచ్చింది, నాకు చెప్పకుండా నాకన్నా ముందే తరగతికి పోయి పాఠం మొదలుపెట్టింది అనుకున్నాను. గబగబా గుమ్మంలోకి వచ్చాను.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి నా బల్ల దగ్గర నిలబడి ఉంది. నా కండువాలా భుజం మీద వోణీ మడతపెట్టి వేసుకుంది. మగ్గాల వీధి పిల్ల. ఇంట్లో నూలు కండెలు చుట్టి బడికి వచ్చేది కాబట్టి ఎప్పుడూ జడలో ఏదో ఒక రంగు దారప్పోగు చిక్కుకుని ఉండేది. నన్ను చూడగానే దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తప్పయిపోయింది సార్," అని ఏడుపు మొదలుపెట్టింది. "ఎక్కిరించలేదు సార్, ఒట్టు. మీ మాట యాడ మర్సిపోతామో అని..."

దాన్ని కొట్టాలనిపించింది. మళ్ళీ ఒక్కసారి అనమని బతిమాలాలనిపించింది. ఏదీ చేయలేక వెనక్కి తిరిగి లైబ్రరీ గదిలోకి పోయి తలుపు వేసుకుని, పుస్తకాల బీరువాకు ఆనుకుని ఏడ్చాను. నా ఏడుపుకు కూడా చప్పుడు లేదు. పక్క గదిలో ఎవరికీ తెలియలేదు.

ఆ వారంలోనే హెడ్మిస్ట్రెస్ నామీద ఒక పని పడేసింది. సైన్సు, సోషలు, లెక్కలు, తెలుగు, ప్రతి సబ్జెక్టులోనూ పిల్లలు తమంతట తాము ఏదో ఒకటి తయారు చేసి చూపించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చి చాలా రోజులుగా ఆఫీసు గదిలో మూలుగుతోంది. "మాట్లాడకుండా సేయించొచ్చు కదా సార్," అంది. మంచికే అంది. నాకు మాత్రం మండిపోయింది.

ఆ సాయంత్రం బస్సులో నా పక్కన కూర్చున్నాయన వెండితెర నవల చదువుతున్నాడు. సినిమా కథ అచ్చువేసి మధ్య మధ్య సినిమా ఫోటోలు వేసే పుస్తకం. ఒక ఫోటోలో హీరోయిన్ నోరు తెరుచుకుని ఉంది. ఏమంటోందో కింద అచ్చులో ఉంది. పాప కోసం కొన్న పిల్లల పత్రికలో బొమ్మల కథలు చూస్తూనే ఉన్నాను, గీసిన బొమ్మ నోటి దగ్గర బుడగ, బుడగలో మాట. ఈ రెండూ నా బుర్రలో ఒకదానికొకటి అతుక్కున్నాయి. బొమ్మలు గీయడం నాకూ రాదు, పిల్లలకూ రాదు. మరి పిల్లల్నే పాఠంలో మనుషుల్ని చేసి ఫోటోలు తీస్తే? వరసగా అట్ట మీద అతికించి మాటల బుడగలు పెడితే? పాఠాన్ని ఫోటోలే చెబుతాయి. ఫోటోకు గొంతు లేదు, అయినా మాట్లాడుతుంది. నాకు కావలసింది సరిగ్గా అదే. చాలా రోజుల తర్వాత ఆ పూట అన్నం కడుపునిండా తిన్నాను.

ఎమ్మిగనూరు బజారులో స్టూడియో సాయిబు దగ్గరికి వెళ్ళి నా ఆలోచన కాగితం మీద రాసి చూపించాను. గడ్డానికి గోరింటాకు పెట్టుకున్న పెద్దాయన. పెళ్ళి జంటల్ని, హాల్ టికెట్ మొహాల్ని, పాడె మీది శవాల్ని తీసి తీసి విసుగెత్తిపోయినవాడు.

"పాఠానికి ఫోటో తీస్తారా? వారెవ్వా!" అన్నాడు. "నా జిందగీలో ఇట్లాంటి గిరాకీ రాలే సార్. రీలు ఖర్సు ఒకటి ఇయ్యండి, సాలు."

రీలుకు పన్నెండు ఫోటోలు. సబ్జెక్టుకు ఒక రీలు. సైన్సుకు చలిజ్వరం ఎలా వస్తుంది, ఎలా పోతుంది. సోషలుకు చేలో పత్తి కాయ పగిలిన దగ్గర్నుంచి ఆదోని జిన్నింగు మిల్లుకు చేరేదాకా. లెక్కలకు మగ్గం మీదికి పోయే పడుగు, అంటే నిలువు దారాల కొలతలు. తెలుగుకు అవ్వలు వాడే మాటలు, మనవరాళ్ళు వాడనివి. ఏ ఫోటోలో ఎవరు, ఏం చేస్తూ, ఏమంటూ ఉండాలో పిల్లలతోనే రాయించాను. అందరికంటే ముందు ఆ మగ్గాల వీధి పిల్లే చెయ్యి ఎత్తింది. లెక్కల ఫోటోలు తమ ఇంట్లో తీయమంది. బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను: కెమెరా వైపు ఎవరూ చూడకూడదు. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నట్టు ఉండాలి. అందరూ తలలూపారు.

తలలూపడానికేం, ఎవరైనా ఊపుతారు.

ఫోటో అంటే ఆ వీధుల్లో పండగ. చలిజ్వరంతో మూడంకె వేసి పడుకోవాల్సిన పిల్ల పట్టు పరికిణీ కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని, మొహానికి పౌడరు దట్టించుకుని వచ్చింది. చేలో పత్తి తీసే ఆమె పెళ్ళినాటి చీరలో దిగింది. మగ్గం మీద నేయాల్సిన ఆ మగ్గాల వీధి పిల్ల వాళ్ళమ్మ, ఫోటో తీస్తున్నారని మగ్గం ఆపేసి, నూలు కండె ఉన్న నాడె పక్కన పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సరే, బట్టల సంగతి వదిలేద్దాం. పిల్లలు ఒకరివైపు ఒకరు తిరిగి చక్కగానే నిలబడ్డారు. అప్పుడు సాయిబు కెమెరాలోకి తల వంచి, ఎడమ చెయ్యి పైకెత్తి, "రెడీ! ఇట్ల సూడండి! కదలొద్దు!" అన్నాడు. నల్లపూసల పెళ్ళికూతురైనా, నూరేళ్ళ ముసలాయనైనా ఆ మాట వింటే ఇంక ఎటు చూస్తారు? అందరి తలలూ గిరుక్కున కెమెరా వైపు తిరిగాయి. టక్కుమని నొక్కేశాడు.

ఆ మాట అనకుండా ఆయన వేలు నొక్కదు. ఏళ్ళ తరబడి అలవాటు. నేను ఆయన భుజం పట్టుకుని ఆపబోతే, "పరేషాన్ కాకండి సార్, అచ్చా వచ్చింది," అని రీలు తిప్పేశాడు. నేను కెమెరా పక్కన నిలబడి రెండు చేతులూ ఊపాను, అటు చూడండి, ఇటు కాదు అని. నేను ఊపిన కొద్దీ వాళ్ళు నా వైపు ఇంకా గట్టిగా చూశారు. "సూడండే, సార్ కూడా ఇట్లే సూడమంటాండాడు!" అని వాళ్ళమ్మ మగ్గం దగ్గర్నుంచి పిల్లల్ని గదమాయించింది. ఇటు చూడొద్దు అని ఒక్క కేక. ఒకే ఒక్క కేక వేయగలిగితే సరిపోయేది. నోరు తెరిచాను. గాలి వచ్చింది. టక్కు, టక్కు, టక్కు. రీలు అయిపోయింది.

మిగతా రీళ్ళూ అంతే. ఆఖరి రీల్లో ఒక ఫోటో మిగిలితే సాయిబు ఊరుకోలేదు. "సార్ ది కూడా ఒకటి," అని నన్ను బోర్డు ముందు నిలబెట్టాడు. "ఇట్ల సూడండి!" అన్నాడు. నేనూ చూశాను.

వారం తర్వాత ప్రింట్లు వచ్చాయి. బల్ల మీద పరిచి చూశాను. ఏ ఫోటో చూసినా అదే. జ్వరం పిల్ల మంచం మీద నిటారుగా కూర్చుని నన్నే చూస్తోంది. మందు పోసే పిల్ల గ్లాసు పక్కకు చాపి నన్నే చూస్తోంది. పత్తి తీసేవాళ్ళు పత్తిని వదిలేసి నన్నే చూస్తున్నారు. ఒక్కరూ ఇంకొకరితో మాట్లాడటం లేదు. వీటికి ఏ బుడగ పెట్టను? ఇంకో రీలుకు దారి లేదు, దసరా సెలవులు నెత్తిమీదకి వచ్చాయి. నాకు ఆ ఫోటోలన్నీ పోగేసి చింపేయాలనిపించింది. నా బతుకు నాకే ఎదురుగా కూర్చుని నన్ను చూస్తున్నట్టుంది. కుర్చీలో కూలబడ్డాను.

పిల్లలు మాత్రం బల్ల చుట్టూ మూగి మురిసిపోతున్నారు. "ఏయ్, నీ కండ్లు సూడే!" "మా జేజి ఎంత బాగా పడిందో!" ఆ మగ్గాల వీధి పిల్ల వాళ్ళమ్మ ఫోటోను ఇటూ అటూ తిప్పి, గోడ దగ్గరికి పోయి చూసి, కిటికీ దగ్గరికి పోయి చూసి, నా దగ్గరికి వచ్చింది.

"సార్, యాడికి పోయినా మాయమ్మ నన్నే సూస్తాంది సార్. ఏందో సెప్పాలని కూసున్నట్ల."

నేను ఫోటో లాక్కుని చూశాను. నిజమే. ఏదో చెప్పాలని కూర్చున్నట్టే ఉంది. ఇంట్లో వాళ్ళతో కాదు, చూస్తున్న మనిషితో. వీళ్ళు ఒకరితో ఒకరు ఎందుకు మాట్లాడుకోవాలి? చూసేవాళ్ళతో మాట్లాడితే సరిపోతుంది కదా! లేచి సుద్దముక్క తీసుకుని బోర్డు నిండా రాశాను. బుడగల్లో మాటలన్నీ మార్చండి. ఫోటోలో ఉన్నవాళ్ళు మనకే పాఠం చెబుతున్నారు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో తెలియదు. పిల్లలు మగ్గాల ఇళ్ళ నుంచి పడుగుకు పెట్టే గంజి గిన్నెలతో తెచ్చారు, దానితోనే అతికించాం. గంజి ఆరితే అట్టలు అప్పడాల్లా వంకర తిరిగేవి, వాటి మీద ఇటుకలు పెట్టేవాళ్ళం. జ్వరం పిల్ల పట్టు పరికిణీలో కూర్చుని, "నన్ను సూసి నవ్వొద్దు, నిన్న నాకు సలి జరం. మీ ఇంటి ముందర నీళ్ళు నిలబడి ఉండాయా? పోయి సూసుకోండి" అంటుంది. మగ్గాల వీధి పిల్ల వాళ్ళమ్మ మగ్గం దగ్గర నుంచి, "ఈ పడుగు ఎంత పొడుగో సెప్పుకోండి సూద్దాం. ఒక సీరకు ఎంత పోతుందో మీరే లెక్క కట్టండి" అంటుంది. రాస్తున్న పిల్లలే జవాబు కోసం కొట్టుకునేవారు. లెక్కల టీచరమ్మ తొంగిచూసి, ఈసారి తిట్టకుండా, లోపలికి వచ్చి లెక్క సరిచూసి పోయింది. నాకు ఆశ పుట్టింది. ఆశ పుట్టడం ఎంత భయమో అది పోగొట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇన్‌స్పెక్షన్ రోజున గది నాలుగు గోడలకూ పడుగు దారాలు కట్టి అట్టలు వేలాడదీశాం. పెద్దాయన వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. మంచి మనిషే, మొహంలో విసుగు లేదు. నేను కర్ర పట్టుకుని ఒక్కో ఫోటో చూపిస్తుంటే, అందులో ఉన్న పిల్ల లేచి తన బుడగలోని మాట చదివింది. చదివి ప్రశ్న వేసింది. తరగతి జవాబు చెప్పింది. ఒకరు తప్పు చెబితే ఇంకొకరు దిద్దారు. గదిలో రొద లేదు. నేను కర్రతో ఎటు చూపితే అటు తిరిగారు. ఆయన రెండుసార్లు నవ్వాడు. పత్తి గురించి తనకు తెలియనిది ఒకటి లేచి అడిగి మరీ తెలుసుకున్నాడు. నెగ్గాననుకున్నాను.

గంట కొట్టే ముందు ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"పంతులుగారూ, చాలా బాగుంది. ఇంత బాగా చేయించినవాళ్ళను నేను చూడలేదు. కానీ నేను రాయాల్సింది ఫోటోల గురించి కాదు. రేపు ఇంకో పాఠం, ఎల్లుండి ఇంకోటి. రోజూ ఫోటోలు ఉండవు కదా. మీరు ఒక్క మాట మాట్లాడండి, వెనక బెంచీదాకా వినపడేటట్లు. ఒక్క మాట చాలు. నేను రాసుకుంటాను."

ఆయన వెనక బెంచీలోకి పోయి కూర్చున్నాడు. పిల్లలంతా నా వైపు తిరిగారు. ఫోటోల్లో వాళ్ళు నన్ను చూస్తున్నారు, బెంచీల్లో వాళ్ళూ నన్నే చూస్తున్నారు. ఊపిరి పీల్చుకున్నాను. నాయనను తలుచుకున్నాను. కడుపులోంచి, నరాలు తెగేలా ప్రయత్నించాను. మెడ నరాలు ఉబ్బాయని నాకే తెలుస్తోంది. గాలి. మళ్ళీ ప్రయత్నించాను. గాలి. అంత అవమానం నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు. అవమానించినవాళ్ళు కూడా ఎవరూ లేరు అక్కడ.

అప్పుడు గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

"అర్థం కాకుంటే... చెప్పండమ్మా. నా బస్సు పోతే పోనీ."

ఆఖరి అట్ట మీద నా ఫోటో ఉంది, బోర్డు ముందు నిలబడి కెమెరా వైపు చూస్తున్నది. దాని నోటి దగ్గర పిల్లలు నాకు చెప్పకుండా బుడగ అతికించారు. దాన్ని నా గొంతుతో చదివింది ఆ మగ్గాల వీధి పిల్ల. చదివే వంతు దానిదేనని వాళ్ళలో వాళ్ళు ముందే అనుకున్నారేమో, ఎవరూ నవ్వలేదు. పెద్దాయన చప్పున తల తిప్పి ఎవరు మాట్లాడారో అని చూశాడు. చాలాసేపు ఆ పిల్లనూ, నన్నూ, ఫోటోనూ చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత రాయాల్సింది రాసుకుని వెళ్ళిపోయాడు. ఏం రాసుంటాడో నేను ఎవరినీ అడగలేదు. హెడ్మిస్ట్రెస్ తన గదిలోకి పిలిచి కాఫీ తెప్పించింది.

మధ్యాహ్నం పిల్లల ఇళ్ళవాళ్ళను చూడటానికి రమ్మన్నాం. మగ్గాలు ఆపి వీధికి వీధి తరలివచ్చింది తమ ఫోటోలు చూసుకోవడానికి. నేనెలా ఉంటానోనన్న భయంతో నా భార్య కూడా పాపను చంకనేసుకుని ఆదోని నుంచి బస్సెక్కి వచ్చింది. నా మొహం చూడగానే ఆమెకు తెలిసిపోయింది. పాప నా ఫోటో చూసి ఎగిరింది. నోటి దగ్గర ఆ తెల్ల కాగితం ఏమిటని అడిగింది.

"అది మీ నాయన మాట పాపా," అంది ఆ పిల్ల. "నాయన ఇట్ల మాట్లాడేవాడు," అని గొంతు సవరించుకుని నా మాట నా గొంతుతో అంది.

పాప ఎగరడం ఆపేసింది. ఫోటో వైపు చూసింది. ఆ పిల్ల నోటి వైపు చూసింది. "మళ్ళా," అంది. ఆ పిల్ల మళ్ళీ అంది. "మళ్ళా," అంది పాప. ఆ తర్వాత వచ్చి నా పంచె పట్టుకుని నిలబడింది, ఇంక ఆ పిల్ల దగ్గరికి ఎంత పిలిచినా పోలేదు.

నాకు తరగతి లేకుండా పోయింది. ఆదోనిలో ఒక ఆఫీసులో బల్ల ఇచ్చారు, రిటైరయ్యేదాకా దాని ముందే కూర్చున్నాను. అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం మాత్రం మేము ముగ్గురం బడి వదిలే వేళ బస్సే ఎక్కాం. ఆ రోజు దాన్ని వదులుకోవడానికి నాకు కారణం ఏదీ లేదు. నా భార్య కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. పాప నా ఒళ్ళో కూర్చుని, నా గొంతు మీద చెయ్యి వేసి తడిమింది.

"నాయనా, నీ గొంతు ఆ అక్క తీసుకునింది," అంది. "ఇచ్చేయమని అడుగు నాయనా. మనం వెనక్కి పోదాం. ఇచ్చేయమని అడుగు."

అలా కాదమ్మా అని చెప్పబోయాను. బస్సు మోతలో నా గుసగుస నాకే వినపడలేదు. నేను జవాబు చెబుతానని పాప నా నోటి వైపే చూస్తూ కూర్చుంది, ఆదోని వచ్చేదాకా.